గుంటలోకి వైరస్ దిగకముందే

ఈ వారం వచ్చిన ఉత్తరం:

"నమస్తే మేడమ్. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. నాన్నకి నాలుగెకరాల రొయ్యల గుంటలున్నాయి. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలలుగా రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏఐ మనుషుల చేయి దాటిపోతుందని, ల్యాబుల్లో తయారుచేసిన వైరస్ బయటికొస్తే దాని ముందు కోవిడ్ ఏ మూలకీ రాదని వీడియోలు చూస్తున్నాను. ఈ వందేళ్ళలో మానవజాతికే ముప్పు వచ్చే అవకాశం ఆరింట ఒక వంతు ఉందని ఒక పెద్దాయన లెక్క కట్టాడట. అలాంటప్పుడు పీజీ ఎంట్రన్సుకి చదవడం దేనికి అనిపిస్తోంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే అన్నయ్య ఇదంతా కంపెనీల హైప్ అంటాడు. నాన్నయితే 'ఆ ఫోన్ తీసుకెళ్ళి గుంటలో పారేస్తా' అంటాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? నిజంగా అంత ప్రమాదమే ఉంటే, మా ఊళ్ళో ఉన్న నాలాంటి అమ్మాయి చేయగలిగింది ఏమన్నా ఉందా?"

అమ్మా,

ముప్పై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని. నీ వయసు పిల్లలు ఎన్నో భయాలతో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు. పరీక్ష, ఫీజు, పెళ్ళి. ప్రపంచం ఏమైపోతుందోనని దిగులుపడి వచ్చినవాళ్ళు తక్కువ. అందుకే నీకు పైపైన ధైర్యం చెప్పి పంపించేయడం నాకిష్టం లేదు. నీ భయంలో నిజం ఉంది. అది ఎక్కడ ఉందో, ఎంత ఉందో, దాన్ని పట్టుకుని నువ్వేం చేయొచ్చో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

మీ గుంటల దగ్గర నుంచే మొదలుపెడతాను.

టైగర్ రొయ్య మన తీరాన్ని ఒక ఊపు ఊపుతున్న రోజులవి. వరి పొలాలు కూడా గుంటలైపోతున్నాయి. 1994 చివర్లో ఎక్కడో జబ్బు తగిలిందని వినడం మొదలైంది. తర్వాత కొన్ని వారాలకు, సెకండియర్ చదివే అబ్బాయి ఒకడు పొద్దున్నే పాలిథిన్ కవర్ పట్టుకుని ల్యాబుకొచ్చాడు. అందులో ఆరేడు రొయ్యలు. ఒళ్ళు ఎర్రబారి ఉన్నాయి. ఒకటి రెండు ఇంకా కాళ్ళు కదిలిస్తున్నాయి. ఒకదాని తల మీది డొప్ప ఊడదీసి, గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. గోటితో గీకినా పోలేదు. మచ్చ డొప్ప మీద లేదు, డొప్పలోనే ఉంది. "మందేమన్నా ఉందా మేడమ్?" అని అడిగాడు. అప్పటికి నాకు ఆ జబ్బు పేరు కూడా తెలియదు. వాళ్ళ నాన్న బయట వేపచెట్టు కింద స్కూటర్ మీదే కూర్చుని ఉన్నాడు, లోపలికి రాలేదు. వారం తిరక్కుండా వాళ్ళ రెండు గుంటలూ పోయాయి. ఆ పిల్లవాడు ఆ ఏడు పరీక్ష ఫీజు కట్టలేదు.

అదే వైట్ స్పాట్. 1992, 93ల్లో తైవాన్, చైనా, జపాన్ల వైపు కనిపించిన వైరస్ రెండేళ్ళలో మన అల్లూరు, విడవలూరు గుంటల దాకా వచ్చింది. గుంటలోకి దిగిందంటే మూడు రోజుల నుంచి పది రోజుల్లో మొత్తం ఊడ్చేస్తుంది. ఇప్పటికీ దానికి మందు లేదు. ఇది నీకు తెలిసిన విషయమే. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. మందు లేకుండానే మళ్ళీ ఇన్ని వేల ఎకరాల్లో రొయ్య ఎలా పండుతోంది? పీతలు లోపలికి రాకుండా గట్టు చుట్టూ ఫెన్సింగ్ వేశారు. కాకి, కొంగ చచ్చిన రొయ్యను పక్క గుంటలో పడేయకుండా పైన దారాలు కట్టారు. నీళ్ళు పెట్టి బ్లీచింగ్ కొట్టాకే రొయ్య పిల్ల వదులుతున్నారు. పిల్లలో వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించి కొంటున్నారు. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్యకి అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని చెన్నైలో క్వారంటైన్లో ఉంచి, పరీక్ష చేసి, ఆ తర్వాతే పిల్లను తయారుచేసే హేచరీలకు పంపాలని రూలు పెట్టారు. వైరస్‌ని చంపే మందు ఎవరూ కనిపెట్టలేదు. అది లోపలికి రాకుండా చూసుకోవడం నేర్చుకున్నారు. ఇప్పటికీ అక్కడక్కడా గుంటలు పోతూనే ఉన్నాయి, నిజమే. కానీ 95లో పోయినట్టు తీరం తీరమంతా పోవడం లేదు.

నువ్వు వీడియోల్లో చూస్తున్న ముప్పుల సంగతీ ఇంతే, ఒక్క తేడాతో. రొయ్యకి ఒక పంట పోతే తర్వాతి పంట ఉంది, ఒక గుంట పోతే పక్క గుంట ఉంది. పోయినప్పుడల్లా ఒక పాఠం నేర్చుకున్నాం. మనుషులందరికీ కలిపి ఉన్నది ఒకటే గుంట. తప్పు జరిగాక నేర్చుకుందామంటే కుదరని ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. కోట్లమందిని ఒక్కసారే తీసుకుపోయేవి, ఏ ఒక్క దేశంతోనో ఆగనివి. అలాంటివాటినే ప్రపంచస్థాయి మహావిపత్తులంటారు. వాటి విషయంలో ఫెన్సింగ్ ముందే పడాలి. అంతకు మించి నేను చెప్పబోయే కొత్త సంగతి పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ ఫెన్సింగ్ ఎక్కడ పడింది, ఎక్కడ ఇంకా పడలేదు అన్నది నీకు తెలియాలి. అది తెలియకపోతే రాత్రి రెండింటికి ఆ చీకటి మొత్తం ఒకేలా కనిపిస్తుంది.

ముందు ఆ ఆరింట ఒక వంతు లెక్క. 2020లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టోబీ ఆర్డ్ వేసిన అంచనా అది. దాన్ని జనాభా లెక్కలా, పరీక్ష రిజల్ట్‌లా చూడకు. ఇలాంటిది ముందెప్పుడూ జరగలేదు కాబట్టి లెక్కపెట్టడానికి పాత కేసుల్లేవు. చదివిందంతా కలిపి ఆయన తన బుద్ధికి తోచిన అంకె చెప్పాడు. ఇంత ఉండదనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకైతే ఆ అంకె కన్నా దాని లోపలి భాగాలు ముఖ్యంగా అనిపించాయి. గ్రహశకలాలు, అగ్నిపర్వతాలు లాంటి ప్రకృతి ముప్పులన్నీ కలిపి పది వేలల్లో ఒకటి అన్నాడు. అణుయుద్ధానికి వెయ్యిలో ఒకటి, వాతావరణ మార్పుకీ వెయ్యిలో ఒకటి. మనుషులు తయారుచేసే రోగాలకు ముప్పైలో ఒకటి, ఏఐకి పదిలో ఒకటి. అంకెలు తప్పొచ్చు. కానీ ఎక్కువ ప్రమాదం ఆకాశం నుంచి కాదు, మన చేతుల నుంచే వస్తుందన్న వరస మాత్రం చాలామంది ఒప్పుకుంటారు. మన చేతుల నుంచి వచ్చేదాన్ని మన చేతులతో ఆపడానికి వీలుంటుంది. ఆ అంకె జాతకం కాదు. మనం చేసేదాన్ని బట్టి తగ్గేది, పెరిగేది.

ఇప్పుడు నీ సబ్జెక్టులోకి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే నువ్వు చదువుతున్నదే ఇది.

మా అమ్మమ్మ మొహం నిండా మశూచి గుంటలుండేవి. పెద్దమ్మవారు పోసిందనేవాళ్ళు అప్పట్లో, పోలేరమ్మకు మొక్కుకునేవాళ్ళు. ఆమె తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడు. మన దేశంలో చివరి కేసు 1975లో. ప్రపంచంలో సహజంగా వచ్చిన చివరి కేసు 1977లో, సోమాలియాలో. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. మనిషి చేసిన గొప్ప పనుల్లో ఒకటి చెప్పమంటే నేను ఇదే చెప్తాను. అయితే ఈ కథకు ఇంకొక ముక్క ఉంది. 1978లో, అంటే ఊళ్ళలో జబ్బు పూర్తిగా ఆగిపోయాక, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక మెడికల్ ఫొటోగ్రాఫర్ మశూచితో చనిపోయింది. ఆమె పనిచేసే గది కింది అంతస్తులో ఆ వైరస్ మీద పరిశోధన జరిగే ల్యాబ్ ఉంది. లోకంలో ఆ జబ్బుతో పోయిన చివరి మనిషి ఆమే. ఆ తర్వాతి ఏడాదే, 1979 ఏప్రిల్లో, అప్పటి సోవియట్ యూనియన్లో స్వెర్డ్‌లోవ్‌స్క్ అనే ఊళ్ళో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాల్లోకి వచ్చి కనీసం 66 మంది పోయారు. గాలిని వడకట్టే ఫిల్టర్ తీసి, తిరిగి పెట్టకుండానే యంత్రాన్ని నడిపారు. జబ్బు చేసిన పశువుల మాంసం తిన్నారని అక్కడి ప్రభుత్వం వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చారు. 1992లో గాని అసలు విషయం ఒప్పుకోలేదు.

ఒక ఫిల్టర్, ఒక అంతస్తు. చూశావా, ఎంత మామూలు విషయాలో.

అప్పుడు కనీసం వైరస్ ఎక్కడో సీసాలో ఉండాలి. ఇప్పుడు ఆ అవసరం కూడా తగ్గిపోయింది. కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ ముక్కల్ని కంపెనీకి ఆర్డరిచ్చి తెప్పించుకుని, వాటిని అతికి, మశూచికి దగ్గరి చుట్టమైన హార్స్‌పాక్స్ వైరస్‌ని తయారుచేశారు. 2018లో ఆ పేపర్ వచ్చింది. ఖర్చు లక్ష డాలర్ల చుట్టుపక్కల. వాళ్ళ ఉద్దేశం వ్యాక్సిన్ తయారీ, అందులో చెడు లేదు. కానీ ఆ దారి తెరుచుకుందని ప్రపంచమంతటికీ తెలిసింది. మరి ఫెన్సింగ్ ఏది? డీఎన్ఏ తయారుచేసి అమ్మే పెద్ద కంపెనీలు కొన్ని 2009లో ఒక సంఘంగా ఏర్పడి, వచ్చిన ఆర్డర్లో ప్రమాదకరమైన క్రిముల వరసలున్నాయేమో చూశాకే పంపుతామని ఒప్పుకున్నాయి. మంచిదే. కానీ అది ఎక్కువ చోట్ల ఎవరికివాళ్ళు ఒప్పుకుని చేస్తున్న పనే, చట్టం కాదు. జీవాయుధాల నిషేధ ఒప్పందం 1975 నుంచి అమల్లో ఉంది, మన దేశం కూడా అందులో ఉంది. అయినా ఎవరైనా దాన్ని దాటుతున్నారేమో వెళ్ళి తనిఖీ చేసే ఏర్పాటు ఇన్నేళ్ళయినా లేదు. పీసీఆర్ చేయకుండా పిల్ల అమ్మే హేచరీ ఒక్కటున్నా చుట్టుపక్కల గుంటలన్నిటికీ టెన్షనే కదా. ఇదీ అంతే.

ఇంకొకటి చెప్తాను, ఇది నాకు ధైర్యం ఇచ్చిన సంగతి. మన ఒంట్లో ప్రోటీన్లు కట్టే అమైనో ఆమ్లాలు ఎడమచేతి వాటంవని, డీఎన్ఏలోని చక్కెర కుడిచేతి వాటానిదని నువ్వు చదివే ఉంటావు. దీన్ని అద్దంలో తిరగేసినట్టు, పూర్తిగా ఎదురువాటం అణువులతో ఒక బ్యాక్టీరియాను కట్టొచ్చా అని కొందరు పరిశోధన మొదలుపెట్టారు. అలాంటిది బయటపడితే మన రోగనిరోధక శక్తి దాన్ని సరిగ్గా గుర్తుపట్టలేకపోవచ్చు. దాన్ని తినే జీవులు కూడా ప్రకృతిలో పెద్దగా ఉండకపోవచ్చు. మనుషులకే కాదు, పశువులకు, చెట్లకు కూడా ప్రమాదం. 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు కలిసి, దీన్ని తయారుచేయొద్దు, ఈ పని ఇక్కడే ఆపుదామని 'సైన్స్' పత్రికలో రాశారు. ఆ 38 మందిలో అంతకుముందు ఆ దారిలో పనిచేస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. తమ పని తామే పక్కన పెట్టారు. అది తయారు కావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. వైరస్ గుంటలోకి దిగకముందే గట్టు మీదికి వచ్చి నిలబడటమంటే ఇది.

ఏఐ సంగతి నాకు నీ సబ్జెక్టంత దగ్గరగా తెలియదు. చదివి అర్థం చేసుకున్నంత చెప్తాను. మామూలు ప్రోగ్రామ్‌లో ప్రతి లైనూ మనిషి రాస్తాడు. ఇప్పటి ఏఐని అలా రాయరు. బోలెడంత సమాచారం పెట్టి, లోపలి కోటానుకోట్ల అంకెలు వాటంతటవే సర్దుకునేలా శిక్షణ ఇస్తారు. పని బాగా చేస్తుంది, కానీ ఎందుకలా చేసిందో తయారుచేసినవాళ్ళకే పూర్తిగా తెలియదు. ఇంకా తెలివిమీరి, మనుషుల పనులన్నీ దాని చేతికి పోయాక, అది పట్టుకున్న లక్ష్యం మనం అనుకున్నదేనా కాదా అన్నది అసలు ప్రశ్న. ఇంతకన్నా దగ్గర్లో ఉన్న ప్రమాదం దుర్వినియోగం. 2022లో అమెరికాలోని ఒక చిన్న మందుల కంపెనీ వాళ్ళు తమ ఏఐ ఎంతవరకు వెళ్తుందో చూద్దామని, విషం తక్కువుండే అణువుల్ని వెతికే ప్రోగ్రామ్‌ని తిరగేసి విషం ఎక్కువుండేవాటిని వెతకమన్నారు. ఆరు గంటలు తిరక్కుండా 40 వేల అణువుల్ని చూపించింది. వాటిలో వీఎక్స్ అనే భయంకరమైన విషరసాయనం కూడా ఉంది. వాళ్ళు వాటిని తయారుచేయలేదు, ఇలా జరగొచ్చని లోకాన్ని హెచ్చరించారు.

మీ అన్నయ్య హైప్ అన్నాడు. వ్యాపారం ఉన్నచోట గొప్పలు ఉంటాయి, ఆ మాట కాదనను. కానీ ఈ రంగానికి పునాది వేసినవాళ్ళలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ ఉద్యోగం వదిలేశాడు, ఈ ప్రమాదాల గురించి అడ్డు లేకుండా మాట్లాడటానికి. మరుసటి ఏడు ఆయనకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. 2023 మేలోనే ఆయన, ఆయనలాగే ఈ రంగానికి పునాది వేసిన యోషువా బెంజియో, పెద్ద ఏఐ కంపెనీల అధిపతులు కొందరు కలిసి, ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును తగ్గించడాన్ని మహమ్మారుల్లాగా, అణుయుద్ధంలాగా ప్రపంచమంతా పట్టించుకోవాలని ఒకే వాక్యం రాసి సంతకాలు పెట్టారు. ఆ నవంబరులో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో 28 దేశాలు కూర్చుని ఉమ్మడి ప్రకటన చేశాయి. అందులో అమెరికా, చైనాతో పాటు మన దేశమూ ఉంది. ఇవన్నీ ఇంకా మాటల దశలోనే ఉన్నాయి. ఫెన్సింగ్‌కి గుంజలు పాతారు, వల ఇంకా కట్టలేదు. కంపెనీలు, దేశాలు ఒకరిని చూసి ఒకరు పరుగెత్తడమే నన్ను ఎక్కువ కలవరపెట్టేది. పక్కవాడు తొందరగా రొయ్య పట్టి అమ్మేస్తున్నాడని బ్లీచింగ్ కొట్టకుండా పిల్ల వదిలినట్టుంటుంది అది.

మన షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం దగ్గర ఒక పద్ధతి ఉంది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా, మన వైపు వాళ్ళకు అది ఎప్పటికీ మన షారే. రాకెట్ ఎంత గొప్పదైనా, దారి తప్పితే దాన్ని పేల్చేసే ఏర్పాటు ముందే అందులో పెట్టి గానీ పైకి పంపరు. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్వీ ఎగిరిన కాసేపటికే అదుపు తప్పింది. నేల మీది నుంచి ఆదేశం పంపి సముద్రం మీదే పేల్చేశారు. ఎన్ని వందల మంది ఎన్నేళ్ళు చేసిన కష్టమో. అయినా ఆ బటన్ మీద చేయి వేసే మనిషి వెనకాడకూడదు. అంత పట్టుదల ఏఐ తయారుచేసేవాళ్ళలో, దాని మీద రూల్స్ పెట్టేవాళ్ళలో రావాలి. రావాలని అడిగేవాళ్ళు ఉండాలి.

ఇలాంటి పని మనుషుల వల్ల కాదని మాత్రం అనుకోకు. 1975లో జన్యువుల్ని కోసి అతికే విద్య కొత్తగా వచ్చినప్పుడు, శాస్త్రవేత్తలు ముందు కొన్ని ప్రయోగాలు తామే ఆపుకుని, కాలిఫోర్నియాలో అసిలొమార్ అనే చోట కూర్చుని జాగ్రత్తలు రాసుకున్నారు. నువ్వు ల్యాబులో నేర్చుకునే బయోసేఫ్టీ లెవెల్స్‌లో ఆ ఆలోచన ఉంది. ఓజోన్ పొరకి చిల్లు పడుతోందని 1985లో బయటపడితే, రెండేళ్ళకే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, ఇప్పుడా పొర మెల్లగా పూడుకుంటోంది. 1980ల్లో ప్రపంచంలో అణ్వస్త్రాలు 70 వేల దాకా ఉండేవి, ఇప్పుడు 12 వేల చుట్టుపక్కల ఉన్నాయి. అవే చాలు కొంప ముంచడానికి, కాదనను. కానీ తగ్గాయి, ఊరికే తగ్గలేదు. మన తీరం సంగతే తీసుకో. 1977 ఉప్పెనలో దివిసీమ ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి, వేల ప్రాణాలు పోయాయి. 1990 మేలో కోస్తాకి మళ్ళీ పెద్ద తుపాను వచ్చినప్పుడు లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్ళ సంఖ్య వెయ్యికి లోపే ఉంది. ఆ రెంటి మధ్య 1989 నవంబరులో కావలి మీదికొచ్చిన తుపాను రాత్రి నేను కావలిలోనే ఉన్నాను. తలుపుకి బీరువా అడ్డం పెట్టి నలుగురం దాన్ని పట్టుకుని కూర్చున్నాం. ఆ తుపాను ఎక్కడో థాయ్‌లాండ్ పక్క పుట్టి, అక్కడ వందలమందిని తీసుకుని, ఇటు సముద్రంలోకి దాటి వచ్చింది. ముప్పు ఎంత దూరంలో పుట్టినా మన గుమ్మం దాకా రాగలదని నాకు ఆ రాత్రే అర్థమైంది.

కోవిడ్ కూడా అంతే కదా. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి మొదటి కేసు మన నెల్లూరులోనే బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన కుర్రవాడికి. నువ్వు అప్పటికి హైస్కూల్లో ఉండుంటావు. మొదట్లో శాంపిల్ ఎక్కడికో పంపి రిజల్ట్ కోసం ఎదురుచూసేవాళ్ళం. కొన్ని నెలలకే జిల్లాల్లో పరీక్షలు మొదలయ్యాయి. ఆ ల్యాబుల్లో కిట్లు తొడుక్కుని, చెమటలు కక్కుతూ, పగలూ రాత్రీ ట్యూబులు నింపిందెవరు? నీ సబ్జెక్టు చదివినవాళ్ళే. అదే 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థ వాళ్ళు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్ళు వెతికి, ఊళ్ళో ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా కట్టారు. ఆస్పత్రికి రాకముందే జబ్బు జాడ పట్టుకునే పని అది. 2021 మేలో కృష్ణపట్నం మందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకుంటూ క్యూ కట్టారు. వాళ్ళను తప్పుపట్టను. ఇంట్లో మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఎవరైనా ఎక్కడికైనా పరుగెత్తుతారు. ఆ గతి పట్టకూడదంటే, రోగం పెద్దదయ్యేలోపే పట్టుకునే మనుషులు ప్రతి జిల్లాలో ఉండాలి.

అందుకే పీజీ దేనికి అని నువ్వడిగితే నాకు బాధేసింది. నీకు నిద్ర పట్టనివ్వని ఆ ముప్పుకి ఎదురు నిలబడే పనే నీ చదువు. వైరల్ రీసెర్చ్ ల్యాబులు, వ్యాక్సిన్ కంపెనీలు, జిల్లాల్లో జబ్బుల మీద నిఘా పెట్టే విభాగాలు, ల్యాబులు జాగ్రత్తగా నడుస్తున్నాయో లేదో చూసే బయోసేఫ్టీ ఉద్యోగాలు. ఆ స్వెర్డ్‌లోవ్‌స్క్ ఫిల్టర్ తిరిగి పెట్టారో లేదో చూసే మనిషి ఒక్కరు ఆ రోజు ఉండుంటే అన్ని ప్రాణాలు నిలిచేవి. రొయ్య జబ్బుల మీదే చేస్తానంటే చెన్నైలో సీబా అనే పరిశోధనా సంస్థ ఉంది, దగ్గర్లోనే అంటే కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. పీజీ ఎంట్రన్స్, పీజీసెట్ రాయి. మార్కులు ఎలా వస్తాయో తర్వాత చూద్దాం, ముందు అప్లికేషన్ పెట్టు.

ఊళ్ళో ఉండి ఏం చేయగలనన్నావు. పీజీ దాకా ఆగక్కర్లేదు. మీ చుట్టుపక్కల గుంటల్లో రొయ్య కాస్త నీరసపడితే షాపువాడు చెప్పిన యాంటీబయాటిక్ తెచ్చి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారా లేదా? వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదని నీకు తెలుసు, వాళ్ళకి నువ్వు చెప్తే వింటారు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగిపోవడం కూడా ఈ మహావిపత్తుల్లో ఒకటే, కాకపోతే చప్పుడు లేకుండా వస్తుంది. 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల మందికి పైగా దానివల్లే చనిపోయారని అంచనా. దాన్ని ఆపే పని బాగా చదువుకున్న ఒక్క ఆడపిల్ల ఒక ఊళ్ళో మొదలుపెట్టొచ్చు.

ఇక నిద్ర సంగతి. రెండు నెలలు నిద్ర లేకపోతే ఎంత మంచి బుర్రయినా చెడు తప్ప ఇంకేం ఆలోచించదు. రాత్రి తొమ్మిదయ్యాక ఫోన్ అమ్మ గదిలో పెట్టెయ్. ఈ విషయాలు తెలుసుకోవాలనిపిస్తే పగలు, వారానికి ఒకటి రెండుసార్లు, వీడియో కాకుండా రాసినది చదువు. అయినా నిద్ర పట్టకపోయినా, గుండె దడ తగ్గకపోయినా 14416కి ఫోన్ చేయి. టెలీమానస్ అని ప్రభుత్వం వాళ్ళది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ని కలవమంటే కలువు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ నాన్న గురించి. ఫోన్ గుంటలో పారేస్తానన్నాడని ఆయనకి ఇవేవీ పట్టవనుకున్నావు. నాలుగెకరాల గుంటలున్న మనిషి ఎప్పుడు ఏ వైరస్ దిగుతుందోనన్న భయంతోనే పడుకుని, ఆ భయంతోనే లేస్తాడమ్మా. దాన్ని ఆయన నోటితో చెప్పడు. తెల్లవారకముందే లేచి ఏరేటర్లు చూసుకుంటాడు, పీతల ఫెన్సింగ్ ఎక్కడన్నా చిరిగిందేమోనని గట్టు చుట్టూ తిరిగొస్తాడు. ఈ ఆదివారం సాయంత్రం రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి ఆయన చెక్ ట్రే ఎత్తడానికి వెళ్ళేటప్పుడు నువ్వూ వెంట వెళ్ళు. 95లో మన గుంటల్లో ఏం జరిగింది నాన్నా అని అడుగు. అప్పుడు ఆయన చిన్నవాడైతే మీ తాతయ్య సంగతి చెప్తాడు. ఆ ఫెన్సింగ్ మొదటిసారి ఎప్పుడు వేయించారో, ఎవరు చెప్తే వేయించారో కూడా అడుగు. ఆయన ఏం చెప్పాడో నాకు రాయి.